మంగక్క ఉప్పు చూడని వంట

లాక్‌డౌన్‌లో, జర్మనీలోని మా బ్రెమెన్ తెలుగు సంఘం కార్యదర్శి జగన్మోహన్‌కి ఉపన్యాసాల పిచ్చి పట్టింది. ప్రతి ఆదివారం జూమ్‌లో ఎవరో ఒకరు వచ్చి జీవితంలో ఎలా గెలవాలో మాకు చెప్పి వెళ్ళేవారు. గెలిచినవాళ్ళ మాటలు వినీ వినీ నాకు ఒళ్ళు మండేది. ఒక వారం ఆయన 'దక్షిణాఫ్రికా వ్యాపారవేత్తల విజయ రహస్యాలు' అని శీర్షిక పెట్టి, ఆ దేశంలో పుట్టిన మనిషి మన మధ్యే ఉంది కదా అని మంగక్కని మాట్లాడమన్నాడు. స్లయిడ్లు తనే తయారుచేస్తానన్నాడు. అయిదు పాయింట్లు చెబితే చాలన్నాడు.

మంగక్క కాసేపు ఆలోచించి, "నాకు తెలిసిన గెలిచినోడు మా అన్న ఒకడే నాయనా. ఆయన కాడ పాయింట్లు లేవు. పొద్దున్నే అంగడి తెరుస్తాడు, అంతే" అంది.

జగన్మోహన్ ఆ వారానికి ఇంకెవరినో చూసుకున్నాడు. వాళ్ళేం చెప్పారో నాకొక్క ముక్క గుర్తు లేదు. మంగక్క అన్న మాట మాత్రం ఆ వేసవిలోనే కళ్ళారా చూశాను.

మంగా నాయుడు డర్బన్‌లో పుట్టింది. ఆమె ముత్తాత చెరుకు తోటల్లో కూలికని ఓడెక్కి వెళ్ళిన మనిషి. ఏ ఊరినుంచి వెళ్ళాడో ఆ ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఊరు పోయింది గాని తెలుగు పోలేదు. అవ్వ దగ్గర నేర్చుకున్న పాత మాటలు, మధ్యమధ్య ఇంగ్లీషు, అవసరానికి జర్మన్, ఇదీ ఆమె భాష. అందులో 'మీరు' లేదు. పెద్దయినా చిన్నయినా అందరూ 'నువ్వే'. భర్త జర్మన్, సరుకుల ఓడల మీద మెకానిక్. డర్బన్ రేవులో పరిచయమై, పెళ్ళి చేసుకుని ఆమెని బ్రెమెన్ తీసుకొచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. ఎయిర్‌పోర్ట్ దగ్గర విమానాల కంపెనీల ఆఫీసుల మధ్య ఇంబిస్ అనే చిన్న తిండి కొట్టు పెట్టుకుని మధ్యాహ్నం భోజనాలు అమ్మేది. మా ఆయన శశికాంత్ రోజూ అక్కడే తినేవాడు. నా వంట కంటే అదే బాగుంటుందని నా ముందే అనేవాడు కూడా.

కరోనా వచ్చాక ఆ ఆఫీసులన్నీ హోమ్ ఆఫీసులైపోయాయి. తినేవాళ్ళు లేరు. మంగక్క కిటికీలోంచి పొట్లాలు కట్టిచ్చింది, క్వారంటీన్‌లో పడ్డ స్టూడెంట్ల గుమ్మాల ముందు క్యారేజీలు పెట్టి వచ్చింది. అయినా నడవలేదు. జులై ఆఖరుకల్లా ఉంటావో ఖాళీ చేస్తావో తేల్చమని ఇంబిస్ ఓనరు కూర్చున్నాడు.

అదే సమయంలో మా అమ్మాయి వెళ్ళే కీటా, అంటే పసిపిల్లల బడి, మళ్ళీ తెరిచారు. అక్కడి పిల్లలకి ఇంతకుముందు భోజనం పంపే సంస్థ ఆ వసంతంలోనే మూతపడింది. నేను కీటా నడిపే ఫ్రావ్ ల్యూడర్స్‌కి మంగక్క గురించి చెప్పాను. ఆవిడ ఒక గురువారం భోజనం పంపి చూడమంది. పిల్లలు తింటే ఆగస్టు నుంచి రోజూ మంగక్కదే వంట. శుక్రవారం ఇంకో సంస్థ వంతు, ఆ సాయంత్రమే నిర్ణయం.

"ఇది దొరికితే పొయ్యి నిలబడతాది అమ్మాయ్. లేకుంటే తాళం ఇచ్చేస్తా" అంది మంగక్క. ఆ మాటలో బెదిరింపూ లేదు, బెంగా లేదు. ఉన్న సంగతి చెప్పింది.

ఇక మా అత్తగారు భానుమతమ్మ. మనవరాలిని చూడ్డానికి చలికాలంలో నరసాపురం నుంచి వచ్చి ఇక్కడే ఇరుక్కుపోయారు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ప్రత్యేక విమానాలు వేశారని చెప్పినా, ఆ జబ్బు గాలిలో అన్ని గంటలు కూర్చోలేనన్నారు. మడీ ఆచారం గట్టిగా ఉన్న మనిషి. ఆవిడకీ నాకూ ఆ ఫ్లాట్‌లో రోజుకొక గొడవ. ఆవిడకి ఈ ఊళ్ళో స్నేహమంటూ కుదిరింది ఒక్క మంగక్కతోనే. "దీని నోట్లో మా మామ్మ మాటలున్నాయే" అని మురిసిపోయేవారు. సాయంత్రం నడకకి వెళ్ళి ఆ కిటికీ దగ్గర నిలబడి గంటలు గంటలు మాట్లాడేవారు. అయితే అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. మాంసం వండే గిన్నెలు కదా.

డర్బన్‌లో మంగక్క అన్న కోటయ్య గారు జూన్ చివర్లో జబ్బు తగిలి ఆసుపత్రిలో చేరారు. దక్షిణాఫ్రికాకి విమానాలు లేవు. మంగక్క వెళ్ళే దారే లేదు. సరిగ్గా కీటాకి భోజనం పంపాల్సిన గురువారం తెల్లవారుజామున ఆమె నాకు ఫోన్ చేసింది.

"అన్న పోయాడు. నేను కిచెన్‌కి పోతా ఉండా."

అత్తగారు నాకంటే ముందు చెప్పులు తొడుక్కున్నారు. మేము వెళ్ళేసరికి ఇంబిస్ తలుపు తెరిచే ఉంది. లోపల పెద్ద గిన్నెలో పప్పు ఉడుకుతోంది. మంగక్క గుమ్మడికాయ ముక్కలు కోస్తోంది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏవిటమ్మా ఇది? తోడబుట్టినవాడు అక్కడ ఇంకా లేవలేదు. నువ్వు పొయ్యి వెలిగించావా?"

"మధ్యాన్నం రెండుకి లేస్తాడంట పెద్దమ్మా. ఫోన్‌లో చూపిస్తామన్నారు."

"అది కాదే నేనడిగేది. శవం లేవకుండా పొయ్యి వెలిగించకూడదని మీవాళ్ళలో లేదా?"

"ఎందుకు లేదు? మా నాయన పోయిన దినం మా ఇంట పొయ్యి లేదు. వీధిలోవాళ్ళే బువ్వ తెచ్చి పెట్టినారు."

"మరి తెలిసే చేస్తున్నావా?"

"తెలిసే."

అత్తగారి మొహం మాడిపోయింది. పసిపిల్లలకి మైల చేత్తో వండి పంపిస్తావా అన్నారు. రేపు వండుకోరాదా అన్నారు. నేను బయటికొచ్చి ఫ్రావ్ ల్యూడర్స్‌కి ఫోన్ చేశాను. ఆవిడ నిజంగానే బాధపడింది. కానీ శుక్రవారం సాయంత్రం దాటితే తను సెలవు మీద వెళ్ళిపోతుందనీ, ఈ రోజు భోజనం రాకపోతే పిల్లలకి బ్రెడ్ ముక్కలే పెట్టాలనీ చెప్పింది. ఆవిడనీ తప్పుపట్టడానికి లేదు. లోపలికి వచ్చి అదే చెప్పాను.

మంగక్క కత్తి ఆపకుండా మాట్లాడింది. ఎవరికి చెబుతోందో తెలియనట్టు గుమ్మడికాయ వైపే చూస్తూ చెప్పింది.

"నా చిన్నప్పుడు మార్కెట్ కాలిపోయింది పెద్దమ్మా. నాయన మసాలా అంగడి అందులోనే ఉండె. ఆ రాత్రి మా ఇల్లు చావు ఇల్లే. అవ్వ పొయ్యి వెలిగించనియ్యలే. పొద్దున అన్న లేసి, అమ్మ వంటింట్లో ఉండే కారం డబ్బా, పసుపు డబ్బా, ధనియాల డబ్బా సంచిలో ఏసుకున్నాడు. కాలిన మార్కెట్ ఎదురుగా పేవ్‌మెంట్ మీద గోనె పరిచి కూకున్నాడు. ఆ డబ్బాలు ఎవురు కొంటారురా అని అమ్మ ఒకటే ఏడుపు. అమ్మేదానికి పోలేదమ్మా, కనబడేదానికి పోయినా అన్నాడు. ఒక దినం కనబడకుంటే మనం పోయినామని అనుకుంటారు అన్నాడు."

కత్తి పక్కన పెట్టింది.

"ఇయ్యాల నేను కనబడకుంటే నా అంగడి కూడా పోయినట్టే. అన్నా లేక, అంగడీ లేక ఈ ఊళ్ళో నేనేం చేసేది?"

అత్తగారు గుమ్మం పక్కన స్టూలు మీద అటు తిరిగి కూర్చున్నారు. నేను చేతులు కడుక్కుని అన్నం సంగతి చూశాను. ఒకరు పట్టు వదలరు, ఇంకొకరు బెట్టు వదలరు. ఇద్దరి మధ్యా నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

పప్పు అయింది. కూర అయింది. పసిపిల్లలకని కారం వెయ్యలేదు, కాస్త బెల్లం వేసింది. ఎన్నేళ్ళ అలవాటో, మంగక్క గరిటెతో పప్పు తీసి నోటిదాకా తెచ్చుకుంది. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"అన్న లేచేదాకా నేను నోట్లో ఏం పెట్టను" అంది, మెల్లగా. గరిటె దింపేసింది.

ఆమె ఉప్పు కొలిచి వేసే మనిషి కాదు. ముందు చేత్తో కొంచెమే వేసి, రుచి చూసి, మళ్ళీ వేస్తుంది. అలా చూడకుండా ఏ గిన్నే గడప దాటనిచ్చేది కాదు. కొత్త కీటా, మొదటి భోజనం, వంద రకాల పేచీలు పెట్టే పిల్లలు. ఉప్పు ఎక్కువైతే అంతా బూడిదలో పోసినట్టే. మంగక్క నావైపు చూసింది.

నేను గరిటె అందుకుని నోట్లో పోసుకున్నాను. వేడి తెలిసింది, అంతే. మార్చిలో నాకు జ్వరం వచ్చి తగ్గినప్పటినుంచీ నాలుకకి ఏ రుచీ తెలియదు. వెనిగరూ పాయసమూ నాకొకటే. అయినా ఏదో తెలుస్తుందేమోనని ఇంకో గరిటె తాగాను. తెలియలేదు. "నాకు తెలీడం లేదక్కా" అని చెప్పేసరికి ఏడుపొచ్చేసింది. కీటాలో పిల్లలు బల్లల ముందు కూర్చునే వేళ దగ్గరపడింది.

వెనక స్టూలు కదిలిన చప్పుడైంది.

అత్తగారు లేచి వచ్చారు. మాస్కు గడ్డం కిందికి లాక్కున్నారు. కుడి అరచెయ్యి చాపారు.

"ఇందులో వెయ్యి."

"పెద్దమ్మా, నువ్వు మా గిన్నెలో..."

"ఇంటికెళ్ళి తలంటుకుంటాలే. వెయ్యమ్మా, టైమవుతోంది."

మంగక్క ఆ అరచేతిలో పప్పు పోసింది. అత్తగారు కళ్ళు మూసుకుని నాకి చూశారు. కడుక్కుని కూర కూడా చూశారు. మాంసం వండిన గిన్నె, మైల చెయ్యి, శవం లేవకముందు వెలిగించిన పొయ్యి. ఆవిడ జన్మలో తొక్కని గీతలన్నీ ఒక్క అరచేతిలో దాటేశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

"పప్పు సరిపోయింది. కూరా సరిపోయింది. ఇంకేం వెయ్యకు" అన్నారు.

గిన్నెలు కార్లో పెట్టుకుని నేనే కీటాకి తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాను.

రెండింటికి మంగక్క ఫోన్‌ని మిక్సీకి ఆనించి పెట్టింది. శ్మశానంలో నలుగురైదుగురే ఉన్నారు, మూతులకి గుడ్డలు, ఒంటికి తెల్ల ప్లాస్టిక్ కోట్లు. కోటయ్య గారి కొడుకు ఏదో చదివాడు, గాలి హోరులో వినబడలేదు. పెట్టె లోపలికి వెళ్ళిపోయింది. మంగక్క చేతులు జోడించి నిలబడే ఉంది. ఏడవలేదు. ఏడవని మనిషిని చూస్తే నాకు భయం వేసింది. తర్వాత అత్తగారు ఆమెని వెనక వాకిట్లోకి నడిపించి, నెత్తిన బకెట్టు నీళ్ళు కుమ్మరించారు. పై అంతస్తులో ఒక జర్మన్ ముసలాయన కిటికీ తెరిచి చూసి, మళ్ళీ మెల్లగా మూసుకున్నాడు.

సాయంత్రం అమ్మాయిని తీసుకురావడానికి వెళ్ళినప్పుడు గిన్నెలు తిరిగి ఇస్తూ ఫ్రావ్ ల్యూడర్స్ చాలా మాట్లాడింది. పిల్లలు రెండోసారి అడిగి పెట్టించుకున్నారట. రేపటి వాళ్ళ వంట ఎలా ఉన్నా ఆగస్టు నుంచి దీన్నే తీసుకుంటానంది. ముఖ్యంగా ఉప్పు మెచ్చుకుంది. బయటినుంచి వచ్చే భోజనాల్లో పసివాళ్ళకి ఎప్పుడూ ఉప్పు ఎక్కువేస్తారు, ఇన్నాళ్ళకి తెలిసిన చెయ్యి దొరికింది అంది.

ఇంబిస్‌కి వచ్చి చెప్పాను. మంగక్క తల ఊపింది. సంతోషమేమీ కనబడలేదు. పొద్దుటి నుంచీ బిగబట్టుకున్నది ఇంకా బిగబట్టుకునే ఉంది. అత్తగారు గిన్నె అడుగున మిగిలిన పప్పు, కూర, రెండు గరిటెల అన్నం పళ్ళెంలో వేసి ఆమె ముందు పెట్టారు.

"తిను. నువ్వు కూడా పడిపోతే మమ్మల్ని ఎవరు చూస్తారు?"

మంగక్క కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమలడం ఆపి అత్తగారి వైపు చూసింది.

"పెద్దమ్మా, ఇందులో ఉప్పు లేదు."

అత్తగారు తెల్లబోయారు. బీపీ అని డాక్టర్లు చెప్పాక ఆవిడ ఏళ్ళ తరబడి చప్పిడి కూడే తింటున్నారు. చిటికెడు పడినా నోటికి ఎక్కువగా తోస్తుంది. ఆ పొద్దున ఆ సంగతి ఆవిడకీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు.

"అసలే లేదు" అంది మంగక్క. "ఇట్లాంటిది పెడితే మా అన్న పళ్ళెం తోసేసి లేచిపోతాడు. ఎంత కోపమో ఆయనకి... ఉప్పు లేకుంటే..."

ఎంగిలి చెయ్యి పళ్ళెంలోనే ఉంచుకుని, తల బల్లకి ఆనించి, పొద్దుటి నుంచీ ఏడవనిదంతా ఏడ్చింది. అత్తగారు పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేశారు. నేను ఉప్పు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాను. మంగక్క చాలాసేపటికి తలెత్తి, డబ్బా ముట్టుకోకుండా, ఆ అన్నం చివరి మెతుకుదాకా తిన్నది.