సత్తెమ్మ పేరు పిలిచారు

టీచరుగా రిటైరయ్యాక, అల్మాస్‌గూడలోని ఒక వృద్ధాశ్రమానికి ప్రభుత్వ గ్రాంటు ఇప్పించాలని రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఎట్టకేలకు మంజూరైంది. జాబితాలో ఎంతమంది ఉంటే అంతమందికి ఇస్తారు. తనిఖీ రోజున దిల్‌సుఖ్‌నగర్ నుంచి షేర్ ఆటోలో సంబరంగా వెళ్లాను.

అధికారి పేర్లు పిలుస్తుంటే మంచాల మీది ముసలివాళ్లు ఒక్కొక్కరే చెయ్యెత్తుతున్నారు.

"సత్తెమ్మ."

సత్తెమ్మ పోయి నెల దాటింది. దహనానికి నేనూ వెళ్లాను.

ఆమె మంచం మీద ఇప్పుడు ఎల్లమ్మ ఉంది. ఆధార్ కార్డు లేక ఇంకా జాబితాకెక్కని మనిషి. ఆమె మెల్లగా చెయ్యెత్తింది. అధికారి టిక్కు పెట్టుకున్నాడు. ఆశ్రమం మేనేజర్ నావైపే చూస్తున్నాడు. గ్రాంటు ఆగిపోతే వీళ్లందరి గతేంటని నేను నోరు మెదపలేదు.

అధికారి వెళ్లాక ఎల్లమ్మను అడిగాను, "ఎందుకమ్మా అలా చేశావు?"

"ఎత్తకుంటే యాడికి పోవాలె సారూ? ఒచ్చిన కాడికెల్లి అందరు నన్ను సత్తెమ్మనే అంటున్నరు. నేను పోయినా సత్తెమ్మ ఉంటది. ఎల్లమ్మ పోయిందని ఎవ్వలూ రాసుకోరు."

ఆ గ్రాంటు అర్జీ మీద మొదటి సంతకం నాదే.