గోడ మీది ఆనప గింజలు

నేను చేసిన ఘనకార్యం ఏమిటో నాకు మొదట చెప్పింది మాకు పాలు పోసే ఆవిడ. పొద్దున్నే పెరటి గుమ్మంలోకి వచ్చి, పాలు కొలవబోయి ఆగిపోయింది. ఆమె చూపు నా మీద లేదు. నా వెనకనున్న మట్టిగోడ మీద ఉంది.

“ఓలమ్మా! గోడనున్న పిడకలేవి పంతులమ్మా?”

“పొయ్యిలో పెట్టాను. బాగా మండాయి,” అన్నాను.

తొలకరి వానకు కట్టెలన్నీ తడిసిపోయి, మూడు రోజులుగా పొగతో కళ్ళు మండిపోతున్నాయి. అలాంటప్పుడు చూరు కింద గోడకు ఎండిన పిడకలు కనిపించడం దేవుడి దయ అనుకున్నాను. సాయంత్రం ప్రార్థనలో వాటి కోసం స్తోత్రం కూడా చెప్పుకున్నాను.

ఆవిడ చెంబు కింద పెట్టేసింది. “ఓసి నీ సదువు సట్టుబండలు గానూ! అవి పిడకలేటి? మామ్మ ఇత్తనాలే తల్లీ. పేడలో ఎట్టి గోడకి కొట్టుకున్నాది. అన్నీ కాల్సీసినావా?”

“అన్నీ,” అన్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. అవి పెట్టిన మూడు పూటలూ పొయ్యిలో చిటపటమని చప్పుళ్ళు వచ్చాయి. పేడలో వడ్లు కలిసి ఉంటాయిలే అనుకున్నాను.

ఇది అరవైల చివరి సంగతి. గరివిడిలో బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే వచ్చే ఒక చిన్న ఊళ్ళో, ఎలిమెంటరీ బడిలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. బడులు తెరిచి రెండు వారాలైంది. అంతవరకూ నేను శ్రీకాకుళంలో, నాగావళికి దగ్గర్లో, గడప దాటని పిల్లగా పెరిగాను. చిన్నతనంలో తరచూ జబ్బు పడేదాన్నని బడికి పంపలేదు. మా సంఘంలో ఆదివారం పాఠాలు చెప్పే నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి బైబిలు పెట్టి అక్షరాలు, చింతపిక్కలు పోసి లెక్కలు నేర్పారు. తర్వాత ప్రైవేటుగా మెట్రిక్ కట్టించి, ట్రైనింగుకు పంపారు. ఆ రుణం ఈ జన్మకు తీరేది కాదు. అయితే ఆయన నేర్పిన వాటిలో పేడ లేదు, విత్తనం లేదు. మా వీధిలోకి పిడకలు బండి మీద అమ్మకానికి వచ్చేవి. గోడకు పిడక ఉందంటే అది పొయ్యి కోసమే అని నా జ్ఞానం.

నేను అద్దెకు దిగింది ఒక ముసలావిడ ఇంటి వెనక గదిలో. ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ ఆమెను మామ్మ అనేవారు. భర్త పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు, పొలం లేదు. నేను దిగిన మూడో రోజునే, భోగాపురం వైపున్న చెల్లెలికి బాగులేదని కబురొస్తే బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ, “పెరడు సూసుకో పిల్లా. నాను వచ్చినాక ఇత్తులేద్దుం,” అంది. ఆ ఇత్తులు ఎక్కడున్నాయని నేను అడగలేదు.

మామ్మ విత్తనం అంటే ఆ ఊరికి ఏమిటో పాలావిడే చెప్పింది. ఆనపకాయను మీ వైపు సొరకాయ అంటారేమో. ఆమె దగ్గరున్నది పొట్టి మెడ, గుండ్రటి ఒళ్ళు, తెల్ల చుక్కలున్న రకం. ముదిరినా లోపల పీచు పట్టదట. తొలకరికి ప్రతి ఇంటి ఆడవాళ్ళూ గుప్పెడు బియ్యం చేటలో వేసుకుని ఆమె అరుగు దగ్గరికి వచ్చేవారు. ఆమె గోడ మీది బిళ్ళ ఊడదీసి, చిదిపి, నాలుగేసి గింజలు నేల మీద పెట్టేది. విత్తనం ఒకరి చేతినుంచి ఒకరి చేతికి ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. వాళ్ళు కూర్చుని, ఇంటి సంగతులన్నీ చెప్పుకుని, గింజలు కొంగున కట్టుకుని వెళ్ళేవారు.

“మరి మీ ఇళ్ళల్లో ఎవరూ దాచుకోరా?” అని అడిగాను.

“ఎందుకు దాసుకుంతాం? ఆవిడ సేతి ఇత్తు కాస్తాది. మన సేతిది తీగె పాకి ఊరుకుంతాది. అయినా, అందరం దాసీసుకుంటే ఆ ముసిల్దాని అరుగెవులు తొక్కుతారు?”

ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. పొలం లేని, పిల్లలు లేని మనిషికి ఊళ్ళో ఉన్న చోటంతా ఆ గోడ మీదే ఉంది. దాన్ని నేను మూడు పూటల అన్నానికి కాల్చేశాను. ఆమె శుక్రవారం వస్తుంది. ఇది సోమవారం.

ఆ సాయంత్రమూ మర్నాడూ ఇల్లిల్లూ తిరిగాను. ఏ ఇంట్లోనూ లేవు. ఒకామె బీర గింజలు ఇస్తానంది, ఒకామె నవ్వింది. దారిలో బట్టలు ఉతుక్కుంటున్నవాళ్ళు నాకు వినపడేలాగే, “అదిగో, ఇత్తనాల్తో అన్నం వండుకున్న పంతులమ్మ,” అనుకున్నారు. నిజమే కదా అని తల వంచుకుని వచ్చేశాను.

బడి అంటే ఒకటే గది, ముందు వరండా. ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులూ అందులోనే. ఇంకొక మాస్టారు ఉండేవారు గాని, ఆ వారం సెలవులో ఉన్నారు. మా పెరట్లో ఒక దొండపాదు ఉండేది. పలక తుడవడానికి దొండాకును మించింది లేదు. పొద్దున్నే పిల్లలు గుంపుగా వచ్చి తలా రెండాకులు కోసుకునేవారు. ఆకులు కోసే చప్పుడూ, పలకల మీద ఆ పచ్చి వాసనా నాకు అప్పటికే ప్రాణమైపోయాయి. పాదు మొదట్లో స్నానం నీళ్ళు మళ్ళేలా చిన్న కాలువ తవ్వుకున్నాను. ఉదయం కొత్త ఆకు వేసిందా అని చూసి గాని బడికి కదిలేదాన్ని కాదు. ఆ బుధవారం మాత్రం పాదు వైపు చూడలేదు.

బడిలో హాజరు వేశాక పిల్లల ముందు నిలబడి జరిగింది చెప్పాను. టీచరు తప్పు చేసిందని పిల్లలతో చెప్పడం ట్రైనింగులో నేర్పలేదు. కాని పిల్లలు అబద్ధమాడితే బెంచీ ఎక్కించే నేను, నా వంతు వచ్చినప్పుడు ఊరుకోవడం న్యాయం అనిపించలేదు.

బడి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు.

“టీచరు ఇత్తనాలు కాల్సీసినాది!”

“కాల్సితే తినాల టీచర్, పారీకూడదు!”

“ఒరే ఊరుకోండ్రా, మామ్మొచ్చి టీచర్ని బెంచీ ఎక్కిస్తాది!”

నాకూ నవ్వొచ్చింది. “ఎక్కుతాను. ముందు మీ ఇళ్ళల్లో చూడండి. చూరులో, ఉట్టి మీద, బూడిద కుండలో, ఎక్కడైనా సరే, మామ్మ ఆనప గింజ ఒక్కటి దొరికినా తీసుకురండి,” అన్నాను.

మర్నాడు తెచ్చారు. గుమ్మడి గింజలు, దోస గింజలు, చిక్కుడు, ఒకడైతే ఈత గింజ. ఆనప ఒక్కటీ లేదు. మధ్యాహ్నం గంట కొట్టబోతుండగా నాలుగో తరగతి పిల్ల ఒకతె నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. పిలిస్తే తప్ప పలకని పిల్ల. పావడా మడతలోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. అది పిడికిలంత ఎండు ఆనపకాయ, గోధుమరంగు తేలి, పట్టుకుంటే నున్నగా ఉంది.

“ఏమిటమ్మా ఇది?”

“మా సెల్లి ఆడుకుంతాది. నిరుడు పాదుకి ఆకరిన కాసినాది టీచర్. సిన్నదని ఒగ్గీసినారు. ఊపితే మోగుతాది.”

ఊపింది. గలగలమంది. లోపల గింజలు!

నేను ఆనందపడేలోగా వరండాలో ఏడుపు వినిపించింది. ఆ పిల్ల తల్లి, చంకలో ఏడాది పాపతో, వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పాప గుక్క పట్టి ఏడుస్తోంది.

“ఇదేటి పంతులమ్మా! నువ్వు కాల్సింది సాలక గుంట సేతిలో ఆటబొమ్మ కూడా లాగీసుకున్నావేటి? పొద్దుట్నించి ఒకటే ఏడుపు. నాను కూలికెల్లాలా, దీన్ని ఆడించాలా? ఒసే, ఎవుల్నడిగి ఎత్తుకొచ్చినావే?”

పెద్దది తల దించుకుంది. “మామ్మకని తెచ్చినాను,” అంది, వినీ వినపడనట్టు.

తల్లి ఇంక అరవలేదు. కాయ వైపు చూసింది, నా వైపు చూసింది. “మామ్మకా?” అంది. పాపను ఇంకో చంకకు మార్చుకుని, “అయితే కొట్టు. కానీ దీని ఏడుపు మాత్రం నువ్వే మానిపించాల,” అంది.

సుద్దముక్కలు పెట్టుకునే రేకు డబ్బా ఖాళీ చేసి, లెక్కలకు వాడే చింతపిక్కలు గుప్పెడు పోసి, మూత బిగించి పాప చేతికిచ్చాను. పాప ఒకసారి ఊపింది. ఆ మోత ఆనపకాయ మోతకు పదింతలు ఉంది. ఏడుపు ఠక్కున ఆగిపోయింది. “ఓలమ్మో, ఇప్పుడు మాకు నిద్దర్లేదు,” అంటూ తల్లి నవ్వుకుంటూ వెళ్ళింది.

కాయను ఆ పిల్ల చేతే గడప మీద కొట్టించాను. పదిహేడు గింజలు రాలాయి. అందరూ చుట్టూ మూగి గట్టిగా లెక్కపెట్టారు. ఒకటో తరగతి పిల్లలు కూడా పదిహేడు దాకా తప్పు లేకుండా చెప్పడం అదే మొదటిసారి. నొక్కి చూస్తే అయిదు పొల్లు. మిగిలినవి పన్నెండు.

శుక్రవారం మధ్యాహ్నం మామ్మ ఎండుచేపల మూటతో వచ్చింది. దారిలోనే ఎవరైనా చెప్పేస్తారని భయపడ్డాను. ఎవరూ చెప్పలేదు, నా నోటితో చెప్పాలని నాకే వదిలేశారు. ఆమె మూట దించగానే చెప్పేశాను. ఆమె లేచి పెరట్లోకి వెళ్ళి గోడ చూసింది. బిళ్ళలు ఊడిన చోట గుండ్రటి మచ్చలున్నాయి. ఒక మచ్చ మీద చెయ్యి పెట్టి అలా నిలబడింది. నేను లోలోపల ప్రార్థన చేసుకుంటున్నాను.

ఇటు తిరిగి అడిగింది. “అన్నమైనా ఉడికినాదా?”

“ఉడికింది మామ్మా,” అన్నాను. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

“ఉడికితే మరేటి! ఊరుకో.”

పన్నెండు గింజలూ చేతికి ఇవ్వబోయాను. “కింద ఎట్టు,” అని కసిరింది. ఆ కసురుకే నా ప్రాణం కుదుటపడింది. గింజలు ఎక్కడివో విని, ఒక్కొక్కటే వేలితో తిప్పి చూసి, “నాదే. ఇది నాదే,” అంది. తర్వాత మొహం దిగులుగా పెట్టుకుని, “పన్నెండు గింజలు ఊరికేటి సాల్తాయి? రేపు అందరూ వస్తారు. ఏటి సెప్పీది?” అంది.

మర్నాడు పొద్దున్న ఆమె అరుగు మీదికి రాలేదు. తలుపు వేసుకుని లోపలే కూర్చుంది. నేను కిటికీలోంచి వీధి చూస్తున్నాను. విత్తనాలు లేవని ఊరందరికీ తెలుసు. ఎండ ముదురుతోంది. ఒక్కరూ రాలేదు.

అప్పుడు పాలావిడ వచ్చింది. చేటలో గుప్పెడు బియ్యం ఉంది. వెనకే ఆ పాప తల్లి, చంకలో డబ్బా మోగుతుండగా. వాళ్ళ వెనక ఇంకా నలుగురైదుగురు. పాలావిడ తలుపు బాదింది. “ఏటి మామ్మా, ఇత్తనాల్లేకపోతే మాటల్లేవా? తలుపు తియ్యి!”

మామ్మ తలుపు తీసింది. ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుంది. బియ్యం మాత్రం పుచ్చుకోలేదు. “వచ్చే ఏడు తెండి. ఈ ఏడు పన్నెండూ ఒక్క సోటే ఎయ్యాల,” అంది. ఎక్కడ అన్నదానికి నా వైపు చూసింది. “బడి కంచెకేద్దుం. కాల్సిన సెయ్యే నీళ్ళు పోస్తాది.”

వేశాం. ఎనిమిది మొలిచాయి. పిల్లలు వంతులేసుకుని నీళ్ళు పోశారు, నేను ఆకుల మీద బూడిద చల్లాను. మధ్యలో వానలు వెనకపడితే మామ్మ, “మీ దేవుడికి సెప్పు పిల్లా, నా దేవుళ్ళు పలకడం లేదు,” అనేది. చెప్పేదాన్ని. ఇద్దరి దేవుళ్ళలో ఎవరు విన్నారో మేము తగువు పెట్టుకోలేదు. లేత కాయలు కోసి పాలు పోసి కూర వండుకున్నాం. ముదురు కాయలను తీగమీదే ఎండనిచ్చాం.

మాఘమాసంలో మామ్మ బడికొచ్చింది. వరండాలో తట్టెడు పేడ పెట్టుకుని కూర్చుంది. పిల్లలు మోచేతుల దాకా పూసుకుని, గింజలు అద్ది, బిళ్ళలు చేసి బడి గోడకు కొట్టారు. ముందు బిళ్ళ కొట్టే వంతు ఆ నాలుగో తరగతి పిల్లకే ఇచ్చింది. ఆ నెలలోనే తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుగారు గోడ చూసి మొహం చిట్లించారు. “బడి గోడకు ఈ పిడకలేమిటమ్మా?” అని నన్నడిగారు. నేను నోరు తెరవకముందే వెనక వరసలోంచి సమాధానం వచ్చింది. “పిడకలు కావండి, ఇత్తనాలండి. కాల్సీకండి!”

మరుసటి తొలకరికి ఊరంతా చేటల్తో వచ్చింది. మామ్మ అరుగు మీద చోటు చాలక కొందరు వీధిలో నిలబడ్డారు.

మూడేళ్ళకు నాకు వేరే ఊరికి బదిలీ అయింది. బయల్దేరేటప్పుడు ఆమె నా ముందు నాలుగు గింజలు నేల మీద పెట్టింది. అప్పటినుంచి నేను ఏ ఊళ్ళో ఉన్నా మా గోడ మీద ఆ బిళ్ళలు ఉన్నాయి. ఆమె పోయిందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆమె పేరు చెప్పుకునే కొడుకూ కూతురూ లేరు. అందుకని ఇది చదివినవారిని ఒకటే అడుగుతున్నాను. మీ ఇంట్లో ముదురు ఆనపకాయ కోసి గింజలు పారేయబోయినప్పుడు ఒక్కసారి చెయ్యి ఆపండి. ఉన్నదంతా పొయ్యిలో పోయిన రోజున, పోగొట్టిన పిల్లను పట్టుకుని, అన్నమైనా ఉడికిందా అని అడిగిన ఆ మామ్మను తలుచుకోండి.