జపాన్ పోవాల్సిన ఉస్తాద్ ఆలూరు పోయినాడు

నాకు పని నేర్పిన ఉస్తాద్‌ది ఆదోనిలో కార్ల షెడ్డు, నాది ఎమ్మిగనూరులో. పదేండ్లు ఆయన దగ్గర నట్లు విప్పి, తిట్లు తిని, ఆఖరికి ఆయన చేతనే నా షెడ్డు షట్టరు ఎత్తించుకున్నోణ్ణి.

ఆయనకు కార్ల పందెం పిచ్చి పట్టించింది నేనే. ఒక పొద్దు ఫోన్‌లో చూపించినా. కారు వచ్చి నిలబడె, ఇరవై మంది మీద పడినారు, నాలుగు చక్రాలూ మార్చినారు, కారు పాయె. రెండు మూడు సెకండ్లు! ఆయన ఫోన్ లాక్కొని మళ్లీ చూసె, మళ్లీ చూసె. "అరే, మనం జాకీ యాడ పెట్టినామో ఎతుక్కునేలోపల పని అయిపాయె గదరా!" అన్నాడు. ఆ పొద్దే అనుకున్నాం, పోతే ఇద్దరమూ పోయి కండ్లారా చూడాలని. ఉగాది అయినాక జపాన్‌లో పందెం ఉండె. రెండు టికెట్లు కొనేస్తి.

ఇంక వారానికొకసారి నేను ఆదోనికి పోయేది, ఉస్తాద్ భార్య, మా చాచీ, ఉగ్గాని బజ్జీ పెట్టేది, మేము ప్లాను మీద కొట్లాడుకునేది. పందెం మూడు పొద్దులు. నేను మూడూ కూర్చుందామంటే ఆయన ఒప్పుకోడు. "తిరిగిందే తిరుగుతాంటాయి గదరా. ఒక పొద్దు చాలు. తక్కిన రెండు పొద్దులూ ఆ ఊరి షెడ్లు చూపీ, గుజిరీ అంగళ్లు చూపీ, పాత సామాను ఎట్లా పెట్టుకున్నారో చూడాల" అంటాడు. అక్కడోళ్లు సెలవు పొద్దున ముప్పై నలభై ఏండ్ల నాటి కార్లు తుడుచుకొని ఒక చోట చేరి, బానెట్లు ఎత్తి ఒకరికొకరు చూపించుకుంటారంట. అది చెప్తే ఆయన ముఖం చూడాల!

"అమ్మేదానికా?"

"కాదు ఉస్తాద్, ఊరికే."

"ఊరికే బానెట్ ఎత్తుతారా! ముందు ఆడికే పోవాల్రా."

ఆయనకు పాస్‌పోర్టు లేదు. రాయచూరు దాటిన మనిషి కాదు. కర్నూలుకు పోయి ఫోటో దిగి వేలిముద్రలు వేసొచ్చినాం. ఇంక పోలీసు వచ్చి ఇల్లూ మనిషినీ చూసుకొని పోయేది ఒకటే మిగిలె. ముందర షెడ్డు, ఎనక ఇల్లు, చూసేదానికి ఏముంది అనుకున్నాం.

మా కార్ల పనోళ్ల సంగతి ఒకటి చెప్పాల. "రేపు సాయంత్రం ఇచ్చేస్తా" అనని మెకానిక్ లేడు, ఇచ్చినోడూ లేడు. రేపు సాయంత్రం కారాయన వచ్చేస్తాడు, కారు మాత్రం ముక్కలుగానే ఉంటాది. అందుకే మా ఉస్తాద్ వీధికంతా ఒక పాఠం నేర్పి పెట్టినాడు. ఎవరొచ్చి అడిగినా "లేడప్పా, ఆలూరు పోయినాడు" అనాల. ఎదురుగా టీ అంగడాయన, పక్కన పంక్చర్లాయన, ముప్పై ఏండ్లుగా ఈ మాట తప్పలేదు. ఈయన కారు కింద పండుకొని వింటాంటాడు.

ఒక పొద్దు మామూలు ప్యాంటు షర్టులో ఒకాయన బండి మీద వచ్చినాడంట. టీ అంగడాయన చెప్పాల్సిందే చెప్పినాడు. పంక్చర్లాయన ఇంకొంచెం సాయం పట్టినాడు: "ఆయన ఈడ యాడుంటాడు సార్, ఎప్పుడూ ఊర్ల మీదనే." వచ్చినాయన రాసుకొని పోయినాడు. వారానికి నాకు మెసేజ్ వచ్చె. ఆ చిరునామాలో మనిషి ఉండడం లేదు, అర్జీ ఆగిపోయింది అని.

నాకు కోపం నెత్తికెక్కె. బస్సెక్కి ఆదోనికి పోయి ఇద్దరినీ నిలబెట్టి తిట్టినా. "మీ నోట మన్ను పడ! ఉన్న మనిషిని లేడని పోలీసుకే చెప్తారా!"

"నెత్తిన టోపీ ఉంటే తెలిసుండె గదన్నా" అన్నాడు టీ అంగడాయన.

ఉస్తాద్ చేతులు తుడుచుకుంటా, "పోనీలే. నువ్వు పోయి ఫోన్‌లో పట్టుకొని రా, చూస్తా" అన్నాడు. నవ్వుతానే అన్నాడు గానీ నాకు ఏడుపొచ్చె. నట్టు ఎటు తిప్పాలో ఆయన చెప్తే నేర్చుకున్నోణ్ణి, ఆయనను ఇడిసిపెట్టి పోయి నేనేం చూడాల? నువ్వు రాకుంటే నేనూ పోనని చెప్పేస్తి.

స్టేషన్‌కు పోయి బతిమాలుకుంటే, రాసుకొని పోయిన ఆ సార్ మంచోడు, మళ్లీ అర్జీ పెట్టుకోమని, తానే వచ్చి చూస్తానని చెప్పినాడు. ఈ తూరి ఆయన ఈడే ఉంటాడని ఇద్దరు సంతకం పెట్టాలంట. "అంగళ్లోళ్లు మాత్రం వద్దు" అన్నాడు. న్యాయమే కదా.

సార్ వచ్చిన పొద్దు వీధంతా నోరు కట్టుకొని కూర్చొనె. ఆయన షెడ్డులోకి అడుగు పెట్టి "ఉస్తాద్ ఉన్నాడా?" అన్నాడు.

కారు కిందనుంచి ఉస్తాద్ గొంతే వచ్చె. "లేడప్పా, ఆలూరు పోయినాడు."

అయ్యో దేవుడా! ముప్పై ఏండ్ల అలవాటు! కాళ్లు పట్టి బయటికి ఈడ్చినా. ముఖమంతా ఆయిలుతో, "ఉండాను సార్, ఈడే ఉండాను" అని లేచి నిలబడినాడు. సార్ నవ్వలేదు. "ఇంక నీ మాట నమ్మేదెట్లా? సంతకం పెట్టేదెవరు?" అన్నాడు.

బల్ల మీద పత్తి సావుకారు ఒకాయన కూర్చొని ఉండె. ఆయన కారు ఇంజను మూడు వారాలుగా విప్పే ఉండె. ఇంక మా పని అయిపోయింది అనుకున్నా.

"నేను పెడతా సార్" అని లేచినాడు సావుకారు. "ఈయన ఈడే ఉంటాడు. మూడు వారాలుగా రోజూ వస్తాండా. రోజూ ఆలూరు పోయినాడంటారు. రోజూ ఆ కారు కింద ఈయన కాళ్లు చూసి పోతాండా. ఎడమ చెప్పుకు తెల్లదారం కుట్టు, కావాలంటే చూడండి."

సార్ వంగి చూసినాడు. కుట్టు ఉండె. అప్పుడు నవ్వినాడు, ఎంత సేపు నవ్వినాడో! రెండో సంతకం తన కారు కోసం వచ్చిన ఒక టీచరమ్మ పెట్టె.

పది పొద్దులకు పాస్‌పోర్టు వచ్చె. ఉస్తాద్ సబ్బుతో రెండు తూర్లు చేతులు కడుక్కొని ముట్టుకున్నాడు. అప్పుడే సావుకారు వచ్చి "ఇంక నా కారు?" అన్నాడు. రేపు సాయంత్రం అంటాడనే అనుకున్నాం. ఉస్తాద్ తల దించుకొని, "నీకు అబద్ధం చెప్పలేను సావుకారూ. సామాను దొరకలేదు. జపాన్ పోయొచ్చినాకే" అన్నాడు. సావుకారు ఎండలో నడుచుకుంటా ఇంటికి పోయినాడు.

ఆ మనిషి అట్లా పోవడం ఉస్తాద్ ఓర్చుకోలేకపాయె. మరుసటి పొద్దే బళ్లారికి పోయి సామాను ఎతికి తెచ్చినాడు. వీసాలు కూడా చేతికొచ్చి మేము బయల్దేరే పొద్దున కారు తానే నడుపుకుంటా పోయి సావుకారు వాకిట్లో నిలబెట్టినాడు. వెనకే మా సంచులు ఆటోలో పెట్టుకొని నేను. చెప్పిన నాటికంటే ముందు కారు ఇచ్చింది ఆయన బతుకులో అదొక్కటే.

సావుకారు కారు చుట్టూ ఒక తూరి తిరిగినాడు. స్టీరింగ్ ముందర కూర్చొని ఇంజను పెట్టి విన్నాడు. తర్వాత అద్దం దించి, "సంచులు ఎనక ఏయండప్పా. బెంగళూరు విమానం దాకా ఈ కారులోనే దింపుతా" అన్నాడు.