నీళ్లు నిలిచే చోటు

ఉస్తాద్ పోయారన్న కబురు నాకు వాగు దాటాక అందింది. మణుగూరు వదిలి అడవిలోకి దిగితే సిగ్నల్ ఉండదు, వాగు అవతలి గట్టెక్కితే మళ్లీ వస్తుంది. గట్టెక్కగానే నా ఫోను మోగింది. నేను స్టీరింగ్ వదల్లేక, వెనక మందుల పెట్టె పట్టుకుని కూర్చున్న నర్సు సిస్టర్‌ని ఎత్తమన్నాను. ఆమె విని, "బండి పక్కకు ఆపక్కా" అన్నది. ఖమ్మంలో నా బండిని చూసే మెకానిక్, పేటంతా ఉస్తాద్ అని పిలుచుకునే పెద్దాయన, పొద్దున నమాజు చదువుకుని మంచం మీద ఒరిగి, మళ్లీ లేవలేదట.

నాకు ముందు ఏడుపు రాలేదు. ఇప్పుడే వాగు దాటాం, కింద ఒక్క రాయీ తగల్లేదు, ఈ మాట ఆయనకు చెప్పాలి కదా అనిపించింది. ఏడుపు తర్వాత వచ్చింది. కానీ ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు హుషారే పుడుతుంది, ఏం చేయను! ఆయన నా బండిని బాగుచేసిన మూడు రోజుల సంగతి చెబితే మీకూ తెలుస్తుంది.

నాది ఏడుగురు పట్టే పెద్ద బండి. మందులనూ సిస్టర్‌నూ అడవి ఊళ్లకు చేర్చడం నా కిరాయి, నా బతుకుతెరువు. రెండేళ్ల కిందట దాని ముందు భాగం దిగబడిపోయింది. వాగులో వరసగా నాలుగు బండలుంటాయి. మూడు దాటేదాన్ని, నాలుగోది ప్రతిసారీ కింద ఠంగుమని తగిలేది. నాకు కిరాయి ఇచ్చే మందుల ఆఫీసరు గారు ఓపిక పట్టి పట్టి, "సోమవారం నేనే ఎక్కి వస్తనమ్మా. మళ్ల తగిల్తే వేరే బండి చూస్కుంటం" అనేశారు.

శుక్రవారం నేను టేపు పట్టుకుని మా వాకిట్లోనే బండిని కొలిచాను. ఎడమ వైపు రెండు వేళ్లు తక్కువ. జబ్బు కనిపెట్టేశానని ఎగిరి గంతేసి, శనివారం పొద్దున్నే ఖమ్మం చేరాను.

ఉస్తాద్ షెడ్డులోంచి వచ్చి బండిని చూసి నవ్వారు. "ఏంది బేటీ, నీ బండి వచ్చిపోయేటోళ్లందరికీ దండం పెడ్తున్నది?"

"ఎడమ పక్క రెండేళ్లు దిగింది ఉస్తాద్. ఆ ఒక్క పక్క లేపితే చాలు."

"యాడ కొల్చినవ్?"

"మా వాకిట్ల."

"పొద్దున చల్లిన నీళ్లు ఎటు పోతయ్?"

"రోడ్డు మీదికి."

"మరి వంకర బండిదా, వాకిలిదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఊడ్చి కల్లాపి చల్లితే నీళ్లు నిలవకూడదని మా అత్తే దగ్గరుండి ఆ వాకిలిని వాలుగా పోయించింది. రోజూ ముగ్గు పెట్టే చోటు వాలుగా ఉందని నాకు తోచలేదు!

ఆయన కొలిచే పద్ధతే వేరు. ముందుగా రాగి చెంబుతో షెడ్డు నేల మీద నీళ్లు పోశారు. ఒక చోట నీళ్లు ఎటూ పోకుండా పళ్లెంలా నిలిచాయి. దాని చుట్టూ సున్నంతో నాలుగు గుండ్రాలు గీసి ఉన్నాయి, నాలుగు చక్రాలకు నాలుగు. నేను ముచ్చటపడి బండి ముందు బిగించిన ఇనుప గార్డును చూసి, "ముందుగాల ఈ వడ్డాణం తియ్యి, ఉత్త బరువు" అన్నారు. తీశాను, కొంచెం ముఖం ముడుచుకునే.

"ఖాళీ బండిని కొలిస్తే అబద్ధం చెప్తది" అనేవారు. రోజూ మోసే బరువు లోపల ఉండాలట. పక్క గోదాములో అడిగి రెండు మిర్చి బస్తాలు వెనక వేయించి, నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టారు. ఇక మొదలయ్యాయి తుమ్ములు! నేను తుమ్మితే బండి ఊగుతుంది, కొలత పోతుంది. మళ్లీ కొలవబోతే ఆయనే తుమ్ముతారు. తుమ్మితే కాసేపు ఆగాలి కదా అని నేను దిగబోయాను. "గిన్ని తుమ్ములకు ఆగితే సోమారం కాదు, రంజాన్ వస్తది. కూసో" అన్నారు.

టేపు ముట్టలేదు. చక్రం మధ్య నుంచి పైన రేకు అంచు దాకా జానతో కొలిచారు. నేల నుంచి కొలిస్తే టైర్ల గాలి కూడా లెక్కలోకి వస్తుందట. ఎడమా కుడీ సమానంగానే ఉన్నాయి, రెండూ కలిసి దిగాయి. ఈ బండికి ముందు చక్రాల వెనక, చాసీ వెంట రెండు ఇనుప కడ్డీలుంటాయి. మెలితిరిగి బరువు మోసేవి అవే. వాటి చివరి బోల్టు బిగిస్తే ముందు భాగం లేస్తుంది. జాకీ మీద బండిని లేపి, పానా నా చేతికిచ్చారు.

"నేనా?"

"అడవిల నేనుంటనా? నీ జాన నీ దగ్గరుంటది. నా జాన నాతోనే పోతది."

ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు. దించి, వీధి చివరిదాకా నడిపి, మళ్లీ గుండ్రాల్లో పెట్టి, మళ్లీ కొలవడం. ఇంకా ఎత్తుగా లేపుదామని నేను ఆశపడ్డాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "ఎత్తు కాదు బేటీ, సమం." మూడోసారికి, షెడ్డునానుకున్న వాళ్లింటి పరదా వెనక నుంచి ఆయన భార్య ఎప్పటిలా అడిగారు: "అయ్యిందా?" పని అయితే ఆయన చెప్పేది ఒకటే మాట, బరాబర్. ఆ రోజు అది అనలేదు. "వాగు దాటినంక చెప్త" అన్నారు.

చెప్పినట్టే సోమవారం వచ్చారు. నా పక్కన ఆఫీసరు గారు, వెనక సిస్టర్, ఆమె పక్కన కిటికీలోంచి తల బయటపెట్టి ఉస్తాద్. బండి నీళ్లలోకి దిగింది. సిస్టర్ లెక్క మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. ముందు చక్రం నాలుగో బండెక్కింది, దిగింది. నేను ఆ ఠంగు కోసం పళ్లు బిగబట్టుకుని ఉన్నాను. రాలేదు. వెనక చక్రమూ దిగింది, నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు!

"బరాబర్!" అని వెనక నుంచి అరిచారు. సిస్టర్ చప్పట్లు కొట్టింది. నేను గట్టు మీద బండి ఆపి ఆయన చేతులు కళ్లకద్దుకున్నాను. ఆఫీసరు గారు చిన్నగా దగ్గి, "ఇగ ఈ బండే రానియ్యి" అన్నారు. ఆ మాటతోనే ఇవాళ్టికీ మా పొయ్యి వెలుగుతోంది.

ఉస్తాద్ పోయి నలభై రోజులు గడిచాక షెడ్డుకు వెళ్లాను. వానల్లో తిరిగి బండి ముందు భాగం మళ్లీ కాస్త దిగినట్టుంది. తాళం తీసి ఆయన భార్య, "నీ చేతులున్నయ్ గద బిడ్డా, చూస్కో" అని లోపలికి వెళ్లారు. రాగి చెంబు గోడవారనే ఉంది. నేల మీద నీళ్లు పోశాను. నిలిచాయి. నాలుగు గుండ్రాల్లో నాలుగు చక్రాలు పెట్టి, మందుల పెట్టెలు లోపల ఉండగానే నా జానతో కొలిచాను. రెండు వైపులా అర వేలు తక్కువ. జాకీ పెట్టి, కింద దూరి అరచుట్టు చొప్పున బిగించి, నడిపి తెచ్చి మళ్లీ కొలిచాను.

"అయ్యిందా?"

పరదా వెనక నుంచి, అలవాటు కొద్దీ. అడిగాక ఆమెకూ గుర్తొచ్చినట్టుంది, లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

రేకు అంచు మీది నుంచి చెయ్యి తీసి, "బరాబర్" అన్నాను.

బండి కింద ఆ నీళ్లు ఎటూ పోకుండా అలాగే నిలిచి ఉన్నాయి.