గుర్రమెక్కి ఎమ్మెస్సీ చదివాను

ఆ గుర్రం పగ్గం నేను మొదటిసారి పట్టుకున్నది బీచుపల్లి దగ్గర, కృష్ణ వంతెన మీద. తాత దాన్ని గద్వాల నుంచి నేనుండే వనపర్తికి నడిపించుకుంటూ బయల్దేరాడు. బీచుపల్లి చేరేసరికి ఆయన మోకాలు పట్టేసింది. ఎవరి ఫోనో అడిగి తీసుకుని నాకు చేశాడు. నేను వనపర్తిలో బస్సెక్కి వచ్చి చూస్తే గుడి ముందర బండ మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు. పక్కన తెల్ల గుర్రం, తెలుపంటే పాల తెలుపు కాదు, ఉడికిన జొన్నల రంగు, తల వంచుకుని నిలబడి ఉంది.

"నువ్వు పట్టుకో బిడ్డా. నేను ఎన్కకెల్లి మెల్లగ వస్త," అన్నాడు.

"నాకు పట్టుకోనీకె రాదు తాతా."

"దానికి నడ్వనీకె వస్తది. నువ్వు ఊకె పక్కపొంటి పో."

వంతెన మీద ఒకదాని వెనక ఒకటి లారీలు వస్తున్నాయి. హారన్ మోగినప్పుడల్లా గుర్రం మెడ మీద చర్మం సన్నగా వణికేది. కింద నది నిండుగా ఉంది. వంతెన అవతలికి చేరాక గుర్రం ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది. నేనూ వదిలాను.

మా అమ్మకు తండ్రి అయిన ఆ తాత గద్వాలలో పెళ్లిళ్లకు గుర్రాలు అద్దెకిచ్చే ఒక యజమాని దగ్గర నలభై ఏళ్లు పనిచేశాడు. పెళ్లికొడుకు పైన కూర్చుంటే కళ్లెం పట్టుకుని ముందు నడవడం ఆయన పని. తెల్లారి గుర్రాన్ని కడగడం, మాలీషు చేయడం, మేపడం కూడా ఆయనవే. ఆ ఏడు ఒక పెళ్లిలో ఎవరో గుర్రం కాళ్ల దగ్గరే పటాకులు పేల్చారు. గుర్రం లేచి పెళ్లికొడుకును కింద పడేసింది. అతని మణికట్టు విరిగింది. ఆ తర్వాత అది ఏ సప్పుడు విన్నా బెదిరిపోయేది. యజమాని, "ఇగ ఇది పనికి రాదు. నీకు కావాల్నంటే తోల్కపో, లేకుంటే సంతల నిలబెడ్త," అన్నాడట. తాత పగ్గం విప్పుకుని బయటికి నడిచాడు. ఆయన ఇన్నేళ్ల పని ముగింపు అదే.

అప్పుడు నేను వనపర్తిలో ఎమ్మెస్సీ బోటనీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. అమ్మానాన్నలు పుణెలో బిల్డింగు పనుల్లో ఉన్నారు. ఊళ్లో మా ఇంటికి తాళం. తాతకు వనపర్తి బయట ఒక మామిడితోటలో కాపలా పని దొరికింది. తోటలో రెండు గదులు, వెనక ఒక రేకుల కొట్టం. నేను హాస్టల్ ఖాళీ చేసి ఆయన దగ్గరికి వెళ్లిపోయాను. మోకాలి నొప్పితో ఆయన ఒక్కడే ఉండటం నాకు నచ్చలేదు. కాని తోట నుంచి కాలేజీ ఐదు కిలోమీటర్లు, పొద్దున ఆ దారికి బస్సు లేదు. నెలరోజులు నడిచాను. ఒకరోజు తాత కొట్టంలో నుంచి జీను తెచ్చి దుమ్ము దులిపాడు.

"దీనికి గూడ రోజు నడ్వాల్సిన అవుసరముంది. నీకు గూడ ఉంది. ఇద్దరు కలిసి పోరాదు?"

తాత తన జన్మలో గుర్రం ఎక్కలేదు. ఎక్కమని ఆయన్ను ఎవరూ అనలేదు. అందుకే ఆయన నేర్పిన తీరు వింతగా ఉండేది. పైన కూర్చున్నవాళ్లు ఏం చేస్తే గుర్రానికి ఇష్టమో, ఏం చేస్తే చిరాకో నలభై ఏళ్లు కింద నుంచి చూసిన మనిషి. "నడుము ఇడ్సిపెట్టు. నువ్వు కట్టెలెక్క కూసుంటే అది నిన్ను కట్టె అనుకుంటది," అనేవాడు. "కళ్లెం గుంజకు. దాని నోరు నీ నోరు అనుకో." మామిడిచెట్ల వరసల మధ్య మొదటి వారంలో నాలుగుసార్లు పడ్డాను. మెత్తటి ఎర్రమట్టి, దెబ్బలేమీ తగల్లేదు. పడ్డ ప్రతిసారీ గుర్రం ఆగి, నేను లేచేదాకా నా జడ వాసన చూస్తూ నిలబడేది. రెండో నెలలో కాలువ గట్టు మీద మొదటిసారి దౌడు తీసింది. గాలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. దిగి తాత ముఖం చూశాను. ఆయన నన్ను కాదు, గుర్రాన్ని చూస్తున్నాడు. "దీనికి గింత ఉరుకుడు వస్తదని నాకే తెల్వదు," అన్నాడు.

కాలేజీకి గుర్రమెక్కి వెళ్లిన మొదటి రోజు గేటు దగ్గర వాచ్‌మన్ ఇబ్బందిపడ్డాడు. "బండ్లకైతే స్టాండుంది. దీన్ని యాడ పెట్టాలె బిడ్డా?" అన్నాడు. వరండాలో నిలబడ్డ అబ్బాయిలు, "పెండ్లికొడుకు వచ్చిండ్రోయ్!" అని అరిచారు. "బ్యాండు యాడుంది మరి?" అన్నాను. వాళ్లే నవ్వారు. ప్రిన్సిపాల్ సార్ దరఖాస్తు రాసివ్వమన్నారు. 'వాహనం' అని ఉన్నచోట 'గుర్రం' అని రాసిచ్చాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, లద్దె నేనే ఎత్తాలన్న షరతుతో సంతకం పెట్టారు. ఆ లద్దెను మా డిపార్ట్‌మెంటు తోటకే వేశాను. ఆ ఏడు మా బంతిపూలు చూసి పక్క డిపార్ట్‌మెంటు వాళ్లు నారు అడిగి తీసుకెళ్లారు.

పుణె నుంచి అమ్మ మాత్రం మండిపడింది. "సదువుకోనీకె పంపిస్తే గుర్రాలు కాస్తున్నవా?"

"సదువుతనే ఉన్న అమ్మా. ఇప్పుడు పొద్దుగాల ఐదింటికే లేస్తున్న."

అది నిజం. లేవగానే నానబెట్టిన ఉలవలు, తవుడు కలిపి పెట్టాలి. జొన్నచొప్ప నరకాలి. గిట్టలు ఎత్తి రాళ్లు తీయాలి, ఒళ్లు రుద్దాలి. రుద్దుతూ పాఠాలు గట్టిగా చదివేదాన్ని. గుర్రం వల్ల ఇంకో మేలూ జరిగింది. గట్ల మీద మేసేటప్పుడు అది కొన్ని రకాల గడ్డిని మూతితో పక్కకు నెట్టి, కొన్నిటినే ఏరుకుని తినేది. ఏవి తింటుంది, ఏవి వదిలేస్తుంది అని నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. చివరికి తోట గట్ల మీది గడ్డిజాతులే నా ప్రాజెక్టయ్యాయి. ప్రాజెక్టుకు గైడుగా ఉన్న మా మేడమ్ ఆ నోటుపుస్తకం చూసి, "నీకు ఇద్దరు గైడ్లమ్మా," అన్నారు. నా క్లాసులో ఎవరికీ దొరకని మెప్పు అది.

రెండో సంవత్సరంలో పెద్దమ్మ కొడుక్కి పెళ్లి కుదిరింది. తిమ్మాజిపేట దగ్గర వాళ్ల ఊరు. అన్న మేస్త్రీ పని చేస్తాడు. ఫోన్ చేసి కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి అడిగాడు. "చెల్లె, గుర్రం తెస్తవా? చర్చికాడికెల్లి ఊర్లపొంటి ఇంటిదాక ఎక్కి రావాలని ఉన్నది."

ఆ ఊళ్లో మావాళ్ల వాడ నుంచి ఏ పెళ్లికొడుకూ గుర్రమెక్కి నడివీధిలోకి వెళ్లలేదు. వద్దని ఎక్కడా రాసి లేదు, ఎవరూ వెళ్లలేదు, అంతే. అన్న ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. "తెస్త," అన్నాను.

ఫోన్ పెట్టాక భయం వేసింది. పటాకులకు బెదిరే గుర్రం, పైన పెళ్లికొడుకు. తాతకు చెబితే ఆలోచించి అన్నాడు. "దానికి సప్పుడంటే భయం కాదు బిడ్డా. యాడికెల్లి వస్తదో తెల్వకపోవుడు భయం. తెల్వనిద్దాం." ఆ రోజు నుంచి ఉలవలు పెట్టేటప్పుడు ఫోనులో పటాకుల సప్పుడు చిన్నగా పెట్టేదాన్ని. రోజుకింత పెంచాను. మొదట్లో తల ఎత్తి చెవులు వెనక్కి వాల్చేది. మూడు వారాలకు తల ఎత్తడం మానేసింది. తర్వాత స్టీలు పళ్లెం మీద గంటె, ఆ తర్వాత పక్కతోట కాపలా ఆయన డప్పు. చివరి వారం రెండు చేల అవతల నిజం పటాకులు కాల్చాం. గుర్రం మేత ఆపి అటు చూసింది, మళ్లీ వంగి మేసింది. తాత దాని మెడ చుట్టూ చేతులు వేసి అలాగే నిలబడిపోయాడు.

పెళ్లికి రెండు రోజుల ముందు తాతను బస్సెక్కించి, నేను గుర్రమెక్కాను. తెల్లారగానే బయల్దేరి, ఎండెక్కగానే చెట్టు కింద ఆగుతూ, సాయంత్రానికి బిజినేపల్లిలో క్లాసు స్నేహితురాలి ఇంటికి చేరాను. వాళ్ల నాన్న ఎడ్లకొట్టంలో చోటిచ్చి, తనే బకెట్లతో నీళ్లు మోశాడు. రెండోరోజు దారిలో పత్తి ఏరుతున్న కూలి ఆడవాళ్లు పని ఆపి గట్టు మీదికి వచ్చారు. "యాడికి పోతున్నవ్ బిడ్డా?" "పెండ్లికి." "ఎవరిది, నీదేనా?" "మా అన్నది. వనపర్తిల సదువుకుంటున్న, ఆడికెల్లే వస్తున్న." ఒకామె పత్తి అంటుకున్న చేత్తో గుర్రం ముక్కు నిమిరి, "మా పిల్ల గూడ డిగ్రీ సదువుతున్నది," అంది. ఆ మాట ఎందుకందో నాకు అర్థమైంది. వీపు నిటారుగా పెట్టుకుని ముందుకు కదిలాను.

పెళ్లిరోజు చర్చి నుంచి ఊరేగింపు కదిలింది. గుర్రం మీద తలపాగా చుట్టుకున్న అన్న. ఒకవైపు కళ్లెం పట్టుకుని తాత, రెండోవైపు నేను. నడివీధిలోకి తిరిగేసరికి దారికి అడ్డంగా ఒక ట్రాక్టర్ ఉంది. పక్కన అరుగు మీద దాని యజమాని, ఊళ్లో పెద్ద రైతు, టీ తాగుతున్నాడు. డప్పులు వాటంతటవే ఆగిపోయాయి. మావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అన్న మెల్లగా, "ఎన్కకు పోదమా?" అన్నాడు.

నేను పగ్గం తాతకిచ్చి అరుగు దగ్గరికి వెళ్లాను.

"పటేలా, జర ట్రాక్టర్ పక్కకు తీపిస్తరా? గుర్రం పోవాలె."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "గుర్రం ఎవరిది?"

"నాదే."

"ఏం చేస్తున్నవ్ నువ్వు?"

"వనపర్తిల ఎమ్మెస్సీ సదువుతున్న."

"మరి గుర్రాన్ని ఎట్ల తెచ్చినవ్? లారీలనా?"

"లారీ ఎందుకు? వనపర్తికెల్లి ఎక్కే వచ్చిన. రెండు రోజులు."

ఆయన చేతిలో గ్లాసు ఆగింది. నా మీద నుంచి గుర్రం మీదికి, గుర్రం మీద నుంచి అన్న మీదికి చూపు తిప్పాడు. తర్వాత ఆయన గ్లాసు అరుగు మీద పెట్టి, ఎవరినీ పిలవకుండా తనే ట్రాక్టరెక్కి, స్టార్టు చేసి వెనక్కి తీశాడు. "పో," అన్నాడు. నవ్వలేదు, కోపపడలేదు. నాకు ఆ దారి చాలు.

సంతోషం పట్టలేక మావాళ్లలో ఎవరో అక్కడే పటాకుల దండ అంటించారు. గుర్రం చెవులు వెనక్కి పోయాయి, మెడ బిగుసుకుంది. "పిల్లా, నేనున్న. ఏం లేదు," అని గుర్రం చెవిలో అన్నాడు తాత. నేను అన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. పొగ మధ్యలో గుర్రం నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి అలాగే నిలబడింది. ఆఖరి పటాకు పేలాక తనే ఒక అడుగు వేసింది. డప్పు మళ్లీ అందుకుంది. పెద్దమ్మ ముందుకొచ్చి, పెళ్లిలో కొడుక్కి పెట్టాల్సిన ముద్దు గుర్రం నుదుటి మీద పెట్టింది. ఎమ్మెస్సీలో నాకు మంచి మార్కులే వచ్చాయి. కాని ఇప్పటికీ నన్ను ఎవరైనా ఏం సాధించావని అడిగితే నేను ముందు చెప్పేది ఆ వీధి గురించే.

మరునాడు పొద్దున చర్చి ముందు ఖాళీ జాగాలో గుర్రాన్ని తిప్పుతుంటే వాడలో పిల్లలంతా చేరారు. వాళ్ల వెనక కొత్తపెళ్లికూతురు, చేతుల మీద గోరింటాకు ఎర్రగా మెరుస్తూ, కొంగు నడుముకు చెక్కుకుని వచ్చింది.

"వదినె, నిన్న మీ అన్న ఒక్కడే ఎక్కిండు. నన్ను గూడ ఎక్కియ్యరాదు?"

పెద్దమ్మ గుమ్మంలో నుంచి, "అయ్యో, పడితే ఎట్ల బిడ్డా!" అని అరిచింది. అప్పటికే వదిన కాలు జీనుకు వేలాడే రికాబులో ఉంది. మొదటి చుట్టు నేను కళ్లెం పట్టుకుని నడిచాను. రెండో చుట్టుకు ఆమె, "ఇగ ఇడ్సిపెట్టు," అంది.

"భయమైతలేదా?"

"అయితున్నది. అయినా ఇడువు."

పగ్గం ఆమె చేతికిచ్చి పక్కకు తప్పుకున్నాను. "నడుము ఇడ్సిపెట్టు," అని తాత అరుగు మీద నుంచి అరిచాడు. గుర్రం నింపాదిగా నడిచింది. వదిన మొదట బిగుసుకుని, తర్వాత భుజాలు జార్చి, మూడోసారి తిరిగి వచ్చేసరికి పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. అన్న గోడకానుకుని చూస్తున్నాడు. పెద్దమ్మ చీపురు పట్టుకునే బయటికి వచ్చి, "జర ఇంకో చుట్టు తిప్పు, నేను సరిగ సూడలె," అంది.