ఉప్పునీటి గది

ఆ వీధిలో ఎవరినడిగినా టైలరమ్మ ఇల్లు చూపిస్తారు. షిప్పు సారు ఇల్లంటే మాత్రం కాసేపు తల గోక్కుని, "ఓ, టైలరమ్మగారి ఆయనా?" అంటారు. ఇల్లు ఇద్దరిదే అయినా వీధి మాత్రం ఆవిడదే. ఆయన ఉద్యోగమంతా ఓడల్లో, అదీ అడుగున ఇంజన్ల గదిలో గడిచింది. ఏడాదికోసారి చుట్టంలా వచ్చి, కారే కొళాయిలూ తిరగని ఫ్యాన్లూ బాగుచేసి, మళ్ళీ పెట్టె సర్దుకునేవాడు.

రిటైరై వచ్చేసరికి ఆయన చెవులు ఇంజన్ల హోరుకి సగానికి సగం పోయాయి. కుక్కరు పక్కనే కూత పెట్టినా తొణక్కుండా పేపరు తిరగేసేవాడు. "మీతో గుసగుసలాడే యోగం నాకు రాసిపెట్టిలేదు" అని టైలరమ్మ నవ్వేది. ఆ మాట కూడా గట్టిగా అరిచి చెప్పాల్సొచ్చేది.

ఒకరోజు ఆయన ఆవిడ గుడ్డలు కత్తిరించే బల్ల మీద పెద్ద కాగితం పరిచాడు.

"అన్నేళ్ళు సముద్రం మీదే ఉన్నానా, నేను చూసిందల్లా ఇనుమూ నూనే. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం కడదామనుంది. సముద్రం చేపలు, సముద్రం రాళ్ళు."

గాజు తొట్టిలో నాలుగు చేపలనుకుని ఆవిడ సరేనంది. తీరా కాగితం మీదికి వంగి చూస్తే, ఆ తొట్టి గోడ ఈ చివరనుంచి ఆ చివరదాకా ఉంది. ఎత్తు ఆవిడ గొంతుదాకా వస్తుంది. 

బరువు సంగతి తేల్చడానికి ఇళ్ళు కట్టే ఇంజనీరు వచ్చాడు. హాల్లో కాలితో నేల తట్టి, "కింద సెల్లారుంది కదా సార్. ఇన్ని నీళ్ళు ఈ స్లాబు మీద పెడితే చేపలు మీ స్కూటరు చుట్టూ ఈదుతాయి" అన్నాడు. ఇల్లంతా తిరిగి, వెనకవైపు మూల గది ముందు ఆగాడు. "ఇదొక్కటే గట్టి నేల మీదుంది. ఇక్కడ ఏనుగుని కట్టేసినా చెక్కు చెదరదు. తలుపు తీయండి, చూద్దాం."

తలుపుకి తాళం ఉంది. షిప్పు సారు భార్య వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఇంజనీరుకి ఏమర్థమైందో, "మళ్ళీ వస్తాలెండి" అని వెళ్ళిపోయాడు.

అది వాళ్ళ పిచ్చుక గది. ఒక్కగానొక్క కూతురు. ఒక్కచోట నిలవదు, నోరు మూయదు, అందుకే ఆ పేరు. రెండో క్లాసులో ఉండగా జ్వరం వచ్చి మెదడుకెక్కింది. అప్పుడాయన ఓడ నడిసముద్రంలో ఉంది. కబురందినా ఒడ్డు దొరకలేదు. ఇల్లు చేరేసరికి అన్నీ అయిపోయాయి. ఆ గది గడియ మీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. అడిగితే ఆవిడ గుండె చెరువవుతుందని ఆయనా, చెబితే ఆయన తట్టుకోలేడని ఆవిడా, ఆ విషయం ఎత్తకుండానే ముసలివాళ్ళయ్యారు.

టైలరమ్మ కొన్నాళ్ళు మిషను మీంచి తల ఎత్తలేదు. ఒక పొద్దున టీ కప్పు పక్కన తాళంచెవి పెట్టింది.

"కట్టండి. కానీ లోపల రాళ్ళు ఎట్లా పేర్చాలో నేను చెప్తా. మీరు అడ్డం రాకూడదు."

"ఏమన్నావ్?" అన్నాడాయన, చెవి ఒగ్గి.

ఒకసారి చెప్పడానికే గుండె చిక్కబట్టుకున్న మాట, రెండోసారి వీధికి వినబడేలా అరిచి చెప్పింది.

తలుపు తీసేటప్పుడు, లోపల ఇంకా పిల్ల వాసనే ఉంటుందేమో, తట్టుకోలేనేమో అని ఆవిడ భయపడింది. ఆ వాసన లేదు. చెమ్మ పట్టిన సున్నం, మూసిన గాలి, అంతే. దానికే ఎక్కువ ఏడ్చింది. మంచం ఆవిడే విప్పించి సెల్లారులో పెట్టించింది. గాజు పలకలు లోపలికి పట్టక తలుపు చట్రమే ఊడదీయాల్సొచ్చింది. మనుషులు ఊపిరి బిగబట్టి ఒక్కో పలకా మోసుకొచ్చారు. తొట్టి అతికాక, నీళ్ళు పొర్లి వెనక గొట్టంలో పడేలా ఒక అంచు, ఆ గొట్టం దిగే చోట కింద ఇంకో చిన్న తొట్టి, అక్కడ మురికి వడకట్టి నీళ్ళని తిరిగి పైకి తోసే పంపు, అన్నీ షిప్పు సారు చేతిమీదుగానే అయ్యాయి. ఆయన మాత్రం చట్రం లేని ఆ గుమ్మంలోంచి తల వంచుకుని వచ్చి, పని మాత్రమే చూసి, తల వంచుకునే వెళ్ళేవాడు.

రాళ్ళు తెచ్చినవాడు అక్వేరియం షాపాయన. లావుపాటి మనిషి, నవ్వితే పొట్ట ముందు నవ్వేది. "గోడ కట్టినట్టు కట్టకండమ్మా. శిఖరం మధ్యలో కాకుండా ఓ పక్కకుండాలి. చేపలు ఇటు దూరి అటు తేలేలా గుహలుండాలి. అద్దం తుడవడానికి చెయ్యి పట్టే సందు వదలాలి. ముందు రాళ్ళు, తరవాతే ఇసక. లేదంటే చేపలు కింద తవ్వేసి గుట్టంతా కూలుస్తాయి."

టైలరమ్మ గౌన్లకి కొలతలు గీసే గోధుమరంగు కాగితాన్ని హాల్లో పరిచి, సుద్దతో తొట్టి అడుగు గీసుకుంది. దానిమీద రాళ్ళు పొడిగానే పేర్చి, నచ్చక విప్పి, మళ్ళీ పేర్చింది. గుడ్డకి వాలు చూసినట్టే ఒక్కో రాయినీ తిప్పి చూసి, ఎటువైపు పడితే ఒదుగుతుందో కనిపెట్టేది. కుడివైపు గుట్ట లేచింది. దానికింద రెండు గుహలు, మీద ఒక వంపు. ఎడమవైపు మాత్రం ఏమీ పెట్టలేదు.

"ఇటుపక్క బోసిగా ఉందమ్మా. చిన్న రాయైనా వేద్దాం" అన్నాడు షాపాయన.

"వద్దు. అక్కడ ఇసకే ఉండనివ్వండి."

"ఎంత మేర?"

ఆవిడ వంగి రెండు చేతులూ చాపి చూపించింది. "ఇక్కణ్ణుంచి ఇదిగో, ఇక్కడిదాకా."

షాపాయనకి అర్థం కాలేదు. షిప్పు సారుకి అయింది. మూల గదిలో ఆ గోడవారన పిచ్చుక మంచానికి మరలు బిగించింది ఆయనే. వెళ్ళి ఇసక బస్తా విప్పాడు.

నీళ్ళు నింపి, ఉప్పు కలిపాక చేపల్ని వెంటనే వదలకూడదట. "నీళ్ళు పండాలి" అన్నాడు షాపాయన. "లోపల కంటికి కనపడని పురుగులేవో పుట్టి, విషాన్ని తినేసి, అప్పుడు చేపకి బతుకవుతుంది." అలా వారాల తరబడి ఆ గదిలో నీలి వెలుగూ, రాళ్ళూ, ఖాళీ నీళ్ళూ మాత్రమే ఉన్నాయి.

అప్పుడే ఒక మధ్యాహ్నం, టైలరమ్మ పక్క గదిలో కాజాలు కుడుతుంటే, పిచ్చుక నిద్రపోతున్న చప్పుడు వినబడింది.

పిల్లకి ముక్కులో కండ పెరిగి, ఎప్పుడూ నోటితోనే ఊపిరి తీసేది. సన్నగా ఓ ఈల, చిన్న ఆగుడు, తడిగా ఒక గుటక, ఆపైన నెమ్మదిగా వదలడం. ఆ ఊపిరి పక్కన టైలరమ్మ ఏళ్ళకేళ్ళు పడుకుంది. ఆ ఊపిరి ఆగిపోయేదాకా విన్నది కూడా ఆవిడే. ఇప్పుడు మూల గదిలోంచి అదే ఈల. ఆగుడు. గుటక. వదలడం.

సూది వేలికి దిగింది. లేచి వెళ్ళింది. భర్త స్టూలెక్కి అద్దం తుడుస్తున్నాడు, చీమ కుట్టినట్టైనా లేదు. ఎండకి నీళ్ళు ఆవిరై కింది తొట్టిలో మట్టం తగ్గింది. నీళ్ళలో మునిగుండాల్సిన గొట్టం మూతి బయటపడి గాలి మింగుతోంది. ఆవిడకి అంతా తెలుస్తూనే ఉంది. తెలిసినా ఒళ్ళు జలదరించడం మానలేదు.

సాయంత్రం ఆయన బకెట్టుతో మంచినీళ్ళు తెచ్చి కింది తొట్టిలో పోశాడు. చప్పుడు టక్కున ఆగింది. ఎవరో నోరు మూసినట్టు.

ఆ రోజునుంచీ ఆవిడ ఆ బకెట్టుకి అడ్డు తగలడం మొదలెట్టింది. "రేపు పోద్దురు లెండి." "నేను పోశాను, మీరు టీ తాగండి." పోసేది కాదు. తలుపు లేని ఆ గదిలో గోడకి జారగిలబడి, కళ్ళు మూసుకుని కూర్చునేది. ఇదంతా పిచ్చితనమని తనకి తానే చెప్పుకునేది. ఇంతలో ఆడపడుచు చూడ్డానికొచ్చింది. హాల్లో కుర్చీలో కూర్చుంటూనే గొంతు తగ్గించి అడిగింది: "లోపల ఎవరు పడుకున్నారు వదినా?"

టైలరమ్మ టీ గ్లాసు అందించింది. "ఎవరూ లేరు. గొట్టం."

ఆడపడుచు టీ సగంలో వదిలేసి లేచింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

నీళ్ళు పండాయని షాపాయన మొదటి చేపని తెచ్చి వదిలాడు. పసుపుపచ్చగా, వేలంత ఉంది. చీకటి పడగానే ఇసకలో దూరి పడుకునే రకం. ఉన్నంత జాగాలో అది ఎడమవైపు ఖాళీ ఇసకనే ఎంచుకుంది. రెండు రోజులు బాగానే తిరిగింది. మూడోనాటి మధ్యాహ్నం టైలరమ్మ చప్పుడు వింటూ కళ్ళు తెరిచేసరికి, ఆ చేప ఇసక మీద పక్కకి వాలిపోయి ఉంది. నోరు తెరిచి, మొప్పలు టపటపా కొట్టుకుంటూ ఎగపీలుస్తోంది.

"ఏవండీ!" ఆ కేక ఆయనకి ఒక్క పిలుపుకే వినబడింది.

ఆయన ఉప్పు కొలిచే గొట్టంలో నీటిచుక్క వేసి చూసి నిర్ఘాంతపోయాడు. "ఉప్పు ఇంతెక్కువయిందేంటి? నీళ్ళు పోస్తున్నానన్నావుగా?"

"పొయ్యలేదు."

"ఎందుకు?"

ఆవిడ చెప్పింది. అరిచి చెప్పాల్సొచ్చింది, ఈల గురించీ గుటక గురించీ. "దాని నిద్ర మీకు తెలీదు. మీరెప్పుడూ వినలేదు. అచ్చం అట్లాగే ఉంది. నీళ్ళు పోస్తే ఆగిపోతుంది. నావల్ల కాలేదు."

 ఆయన పనిముట్ల పెట్టెలోంచి పొడుగాటి స్క్రూడ్రైవరు తీశాడు. ఓడలో చెవులకందని ఇంజను లోపాన్ని పట్టుకునే ఉపాయం అది. మొన గొట్టానికి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి అదిమిపెట్టి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చప్పుడు ఇనుములోంచి ఎముకలోకి ఎక్కుతుంది.

ఆయన ముఖం మారిపోయింది.  పిడిని రెండు చేతులతో ఇంకా గట్టిగా అదిమి పట్టుకున్నాడు.

టైలరమ్మ అద్దంలోకి చూసింది. చేప ఇంకా ఎగపీలుస్తూనే ఉంది. ఒకసారి చూసింది చాలు, ఇంకోసారి తన కళ్ళముందు ఓ చిన్న ప్రాణం ఊపిరికి తన్నుకోవడం చూడలేననుకుంది. బకెట్టు తెచ్చి, ఒక్కసారిగా కాకుండా, చెంబుతో కొంచెం కొంచెంగా పోయడం మొదలుపెట్టింది. ఆయన వింటూనే ఉన్నాడు. ఈల సన్నబడింది, గుటక తగ్గింది, ఆగిపోయింది. అప్పుడు కూడా ఆయన లేవలేదు.

చేప బతికింది. షాపాయన వచ్చి తిట్టాల్సిన తిట్లు తిట్టి, మట్టం తగ్గగానే దానంతటదే నీళ్ళు నింపుకునే బుడ్డి ఒకటి బిగించి వెళ్ళాడు. ఇక ఆ చప్పుడు రాలేదు. రాళ్ళ మీద ఊదారంగు నాచు పాకింది, గుహల్లో చేపలు పెరిగాయి, బట్టలు తీసుకోవడానికొచ్చిన ఆడవాళ్ళు గుమ్మంలోంచి చూసి నోళ్ళు వెళ్ళబెట్టేవారు. ఆయన ఇప్పుడు పిల్ల గురించి అడిగేవాడు, ఏం తినేది, ఎందుకు అలిగేది, నన్ను అడిగేదా అని. ఆవిడ చెప్పేది. ఒక్క ఆఖరి వారం సంగతి మాత్రం ఆయనా అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

అయినా ఆయన రోజూ మధ్యాహ్నం స్క్రూడ్రైవరు తీసుకుని ఆ గొట్టం దగ్గర మోకాళ్ళూనేవాడు. మంచి చెవులున్న ఆవిడకే ఏమీ వినబడని చోట ఆయనకేం వినబడుతోందో అడగడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు. ఓ రోజు ఉండబట్టలేక అడిగింది.

"నీళ్ళు" అన్నాడు. ఆపైన కళ్ళు తెరవకుండానే, "ఇవాళ గోడవైపు తిరిగి పడుకుంది" అన్నాడు.

పిచ్చుక ఎప్పుడూ వెల్లకిలా పడుకునేది. ఆ చివరి జ్వరంలోనే, వెలుగు కళ్ళకి గుచ్చుకుంటోందని గోడవైపు తిరిగింది. అది చూసింది టైలరమ్మ ఒక్కతే.

ఆవిడ లేచి తొట్టి మీది దీపాలు ఆర్పింది. కిటికీకి తెర లాగి, వచ్చి, ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.