పాత బ్యాటరీలు కొనే మా తమ్ముడు

మా తమ్ముడికి వీధి వీధంతా కలిసి పెట్టిన పేరు సీసం. అమ్మా నాన్నా పెట్టిన పేరుతో పిలిస్తే వాడే వెనక్కి తిరిగి చూడడు. పాత సామాను కొనే తోపుడుబండితో మొదలై, చచ్చిన బ్యాటరీలు కొని పగలగొట్టి, లోపలి సీసం కరిగించి అమ్ముకుని బతికాడు. వాడి గురించి రాయడానికి పెద్ద చదువులవాళ్ళెవరూ గుట్టెక్కి రారు కాబట్టి నేనే రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి, నన్ను పిలిచి చెప్పక్కర్లేదు.

మా ఇళ్ళు గుట్ట వాలులో ఉంటాయి. కరెంటు స్తంభాలు కింద రోడ్డు దాకా వచ్చి, పైకెక్కడానికి ఆయాసం వచ్చినట్టు అక్కడే ఆగిపోయాయి. చాలా ఏళ్ళు కిరసనాయిలు బుడ్లతోనే నెట్టుకొచ్చాం. పొద్దున్నే ముక్కు చీదితే మసి వచ్చేది. అలాంటప్పుడు దీపాలవాళ్ళు వచ్చారు. భూమి వేడెక్కిపోతోందట, దానికోసం డబ్బున్న దేశాలు లేని దేశాలకి ఇంతని ఇస్తున్నాయట, ఆ డబ్బుతో ఇంటింటికీ ఎండతో వెలిగే దీపం పెడతారట. భూమిని వేడెక్కించింది మేమైతే కాదు. మా పొయ్యిలో ఆ మాత్రం మంటే ఉంటే అన్నం కాస్త తొందరగా ఉడికేది. అయినా ఇస్తానన్నవాళ్ళని ఎందుకు కాదనాలి? ఇంటి కప్పు మీద ఒక పలక, గోడకి బల్బులు, మూలన ఒక బ్యాటరీ పెట్టి, మమ్మల్ని వాటి పక్కన నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు. అబద్ధమెందుకు, వెలుగు బాగుంది. ఆ వెలుగులో ఈ వయసులో నేను సూదిలో దారం ఎక్కించుకున్నాను.

కొన్నేళ్ళకి ఆ బ్యాటరీలు ఒకదాని తర్వాత ఒకటి కన్నుమూశాయి. పాతవాటిని ఏం చెయ్యాలో ఇచ్చినవాళ్ళు చెప్పలేదు, పుచ్చుకున్నవాళ్ళు అడగలేదు. అందరూ వాటిని గుమ్మం బయట పెట్టుకుని వాటికేసి చూస్తూ కూర్చుంటే, మా వాడు బండి తోసుకుంటూ ఇంటింటికీ వెళ్ళి కొన్నాడు. పెరట్లో గొడ్డలితో పెట్టె పగలగొట్టడం, యాసిడ్ కాలవలోకి వంపెయ్యడం, లోపలి రేకులు తీసి ఇనపమూకుడులో వేసి బొగ్గుల మీద కరిగించడం, చల్లారిన దిమ్మల్ని కింద షావుకారుకి వెయ్యడం. అదీ పని. పగలని పెట్టెలు గట్టిగా ఉండేవి. మా మరదలు వాటిలో నీళ్ళు పట్టి పెట్టుకునేది. వస్తువు పారెయ్యడం మా ఇంటావంటా లేదు.

వాడికి పెళ్ళయిన చాలా కాలానికి ఒక ఆడపిల్ల పుట్టింది. చిన్నగా, ఘాటుగా ఉండేది. అందుకే మిరియం అన్నాం. నడక రాకముందే మాటలొచ్చాయి. "అత్తా, దా!" అని నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాగేది. వాళ్ళ నాన్న పెరట్లోంచి వస్తే చాలు, పాక్కుంటూ వెళ్ళి వాడి వేళ్ళు నోట్లో పెట్టేసుకునేది.

"చూశావా అక్కా, అన్నం కన్నా దీనికి నా వేలే రుచి."

"ముందు చెయ్యి కడుక్కుని ఏడువు."

"కడిగితే ముట్టదు. మురికి చెయ్యే కావాలట మహారాణిగారికి."

వాడి మొహంలో అప్పుడున్న గర్వం నేను మళ్ళీ చూడలేదు.

రెండో ఏడు దాటాక దాని మాటలు తగ్గడం మొదలైంది. ముందు "అత్తా" పోయింది. తర్వాత "దా" పోయింది. ఆ తర్వాత పిలిస్తే తిరగడం కూడా పోయింది. కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయేది. వీధిలోవాళ్ళు మాత్రం, "మేనత్త వాగుడు విని జడుసుకుంది, నువ్వు కాసేపు నోరు మూస్తే అదే మాట్లాడుతుంది" అని నవ్వారు. నిజమేనేమో అని నేను నోరు మూసుకుని కూడా చూశాను. నన్నెరిగినవాళ్ళకి అదెంత పనో తెలుస్తుంది.

కింద ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తం తీసి పెద్ద ఊరికి పంపించింది. జవాబు వచ్చాక మా ముగ్గుర్నీ కూర్చోబెట్టింది.

"పిల్ల ఒంట్లో సీసం చేరిందమ్మా. బాగా చేరింది. నీళ్ళలో, దుమ్ములో, బట్టల్లో, అన్నిట్లోంచీ వెళ్ళింది. ఆ దుమ్ము నాలిక్కి తియ్యగా ఉంటుంది, పిల్లలు అందుకే నాకుతారు."

మా తమ్ముడు రెండు చేతులూ చంకల్లో దాచేసుకున్నాడు.

"మాటలు మళ్ళీ వస్తాయా డాక్టరమ్మా?" మా మరదలు అడిగింది.

"ఇకమీదట సీసం ఒంట్లోకి పోకుండా ఆపితే ఇంకా పాడవకుండా ఉంటుంది. పోయినవి వస్తాయని మాత్రం మాటివ్వలేను. ఇంట్లో ఆ పనైనా ఉండాలి, పిల్లైనా ఉండాలి."

ఆ రోజే తల్లినీ పిల్లనీ వాలు దిగువన ఉన్న నా ఇంటికి తెచ్చేసుకున్నాను. వాడు పెరట్లో నిప్పు ఆర్పేశాడు. కానీ వాడికి ఇంకో పని రాదు. పొగ బయటికి రాని మూసిన కొలిమిలో, మనుషులకి దూరంగా ఇదే పని చేసే చోట్లు ఉన్నాయని డాక్టరమ్మ చెప్పింది. దానికి అప్పు కోసం బ్యాంకు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. వాళ్ళు వాడి చెప్పులకేసి చూసి మళ్ళీ రమ్మనేవాళ్ళు.

అంతలో దీపాలవాళ్ళు మళ్ళీ వచ్చారు, కొత్త బ్యాటరీలు ఇవ్వడానికి. బడిలో మీటింగు పెట్టారు. వచ్చిన మేడం చిన్న వయసుది, మర్యాద తెలిసిన పిల్ల. మా వాడు ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పినవాడు కాదు, ఆ రోజు లేచి నిలబడ్డాడు.

"కొత్తవి ఇస్తున్నారు, సంతోషం మేడం. పాతవి ఎవరు తీసుకెళ్తారు?"

"అది ఈ పథకంలో లేదండీ."

"మూసిన కొలిమి ఒకటి పెట్టించండి. ఇళ్ళకి దూరంగా. నేనే చేస్తాను, కూలికైనా చేస్తాను. నా పిల్లకి అయింది ఇంకో పిల్లకి అవకూడదు."

ఆమె చేతిలో కాగితాలు పక్కన పెట్టింది. "మీరన్నది నిజమేనండీ. కానీ మాకు డబ్బిచ్చేవాళ్ళు దీపాలకని ఇచ్చారు. కొలిమికి అడిగితే, పొగ తగ్గించమని ఇస్తే పొగ గొట్టం కడతారా అంటారు."

నేను ఊరుకుంటానా? "ఏమ్మాయ్, కన్నవాళ్ళే కదా ముడ్డి కూడా కడగాలి?" అన్నాను.

బడంతా నవ్వింది. ఆ మేడం కూడా నవ్వబోయి తల దించుకుంది. పైవాళ్ళకి రాస్తానంది. రాసే ఉంటుంది. ఆ పైవాళ్ళకి ఇంకెంతమంది పైవాళ్ళున్నారో, ఆ మాట ఏ మెట్టు మీద కూలబడిందో నాకు తెలీదు.

మా తమ్ముడు బజారులో మూటలు మోసే పనికి కుదిరాడు. నెల తిరక్కుండానే పైవీధిలోంచి అదే పొగ లేచింది. తాళాలు బాగుచేసుకునేవాడు పాత బ్యాటరీలు కొంటున్నాడు. వాడికీ మిరియం వయసు కూతురుంది.

మా వాడు మిరియాన్ని భుజాన వేసుకుని బయల్దేరాడు. నేనూ వెనకే వెళ్ళాను.

"రా అన్నా. నీ పొట్ట కొట్టానని కోపమా?" అన్నాడు తాళాలవాడు, మూకుడు ముందునుంచి లేవకుండానే.

"కోపం లేదురా. మా పిల్లని నీకు చూపిద్దామని వచ్చాను. ఒకసారి పిలువు."

"ఏయ్ మిరియం! ఇటు చూడు!" చప్పట్లు కొట్టాడు. తాళంచెవుల గుత్తి తీసి గలగలలాడించాడు. మిరియం గోడకేసి చూస్తోంది. ఆ చప్పుడుకి వాడి కూతురే లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. "నాన్నా అవి నావి, నాన్నా ఆ పాప ఎవరు, ఎందుకు పలకదు?" అంటూ.

తాళాలవాడు గుత్తి కింద పెట్టేశాడు.

"నాకు తెలుసన్నా. ఎవరికి తెలీదు? కానీ ఈ గుట్ట మీద తాళం ఎవరు వేస్తున్నారు? ఇళ్ళల్లో ఏముందని వెయ్యాలి? నువ్వు మూటలు మోస్తున్నావు. నాకు నడుం లేదు."

మా తమ్ముడు మిరియాన్ని ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"పని మానలేకపోతే మానకు. పిల్లని మాత్రం పగలు నా ఇంట్లో పడెయ్."

"నీ నోటికి ఏ పిల్ల తట్టుకుంటుంది అక్కా?"

"నీ పిల్ల నోరు ఇప్పుడే విన్నాను. నాకు సరిజోడే."

మర్నాటినుంచి తెచ్చి దింపుతున్నాడు. గాలి ఇటు తిరిగితే పొగ మా ఇంటికీ వస్తుంది. కిటికీలో పాత చీర కుక్కుతాను. ఏమీ లేనిదానికన్నా నయమంది డాక్టరమ్మ. మా మరదలు పిల్లలిద్దరికీ ఒకే కంచంలో కలిపి పెడుతుంది. ఆ పిల్ల నిద్రలో తప్ప నోరు మూయదు. మిరియం దాని ఎదురుగా కూర్చుని, దాని నోటికేసి చూస్తూ ఉంటుంది.

పొద్దుగూకాక మా తమ్ముడు బజారునుంచి వస్తాడు. కుళాయి దగ్గర ఒళ్ళు కడుక్కుని, చొక్కా మార్చుకుని గుమ్మంలో నిలబడి రోజూ ఒకటే అడుగుతాడు.

"ఇవాళ ఏమైనా అందా?"

నేను నోరు తెరిచేలోగా తాళాలవాడి కూతురే చెప్పేస్తుంది.

"అనలేదు పెదనాన్నా. అన్నీ నేనే అన్నాను."